రేడియోలో ఊరి మాట అడగాలంటే ఏ దారి మేలు: లైవ్ ఫోనా, మిస్డ్ కాలా, ఎస్సెమ్మెస్సా, వాట్సాపా, అరుగు మీద చింతగింజలా?

మా మొదటి రేడియో పోల్‌లో అడిగిన ప్రశ్న ఇది: "మీ ఊళ్ళో కొళాయి నీళ్ళు వస్తున్నాయా? వస్తుంటే ఈ నంబరుకు, రాకపోతే ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి." అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు కొన్ని ఊళ్ళకు వినపడే చిన్న కమ్యూనిటీ రేడియో అది. నేను అందులో జీతం లేని మనిషిని, పొద్దు గూకినాక పోయి మైకు ముందు కూర్చునేవాణ్ణి. వారం తిరిగాక లెక్క చూస్తే "వస్తున్నాయి" నంబరుకే ఎక్కువ కాల్స్ ఉన్నాయి. పర్లేదే, మన పక్క నీళ్ళకు కొదవ తీరిందే అనుకున్నాం. ఆ ఆదివారం రికార్డర్ పట్టుకుని ఒక ఊరికి పోతే, అరుగు మీద కూర్చున్న అవ్వ నన్నే ఎదురు ప్రశ్న వేసింది.

"నీళ్ళు వస్తాండాయి నాయనా. బిందె నిండేలోపల నిలిచిపోతాండాయి. దానికి యా నంబరు కొట్టల్ల?"

అలాంటి నంబరు మేం పెట్టలేదు.

ఆ తర్వాత దాదాపు అన్ని పద్ధతులూ చేసి చూశాం. కొన్నింటిని చేతులు కాలాక వదిలేశాం. ఈ మధ్య కర్నూలు నుంచి ఒక డిగ్రీ కాలేజీ పిల్లలు, కడప వైపు నుంచి ఒక పొదుపు సంఘం అక్కలు అడిగారు, "మేమూ రేడియోలో జనం అభిప్రాయం అడగాలనుకుంటున్నాం, ఏ పద్ధతి మంచిది?" అని. ఫోన్లో చెప్పిందే కాస్త కుదురుగా రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఎక్కువ కాల్స్ తెచ్చే పద్ధతి ఏదని వెతకడం మొదలుపెడితే మాలాగే తప్పుతారు. మీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఊళ్ళో ఎవరు జంకుతారు, ఎవరి చేతిలో ఫోనే ఉండదు, ఈ రెండూ ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ మనుషులకు ఏ పద్ధతి పనికొస్తే అదే పట్టుకోండి.

మీ రేడియో ఎంత దూరం వినపడుతుంది?

కడప ఆకాశవాణిది 900 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్, జిల్లాలు దాటి వినపడుతుంది. అనంతపురం 101.7, కర్నూలు 102.4 ఎఫ్ఎంలు అంత దూరం పోవు గానీ పట్నాన్నీ చుట్టూ ఉన్న మండలాలనూ పట్టుకుంటాయి. కమ్యూనిటీ రేడియోకు ఇచ్చేది 100 వాట్ల శక్తి, 30 మీటర్ల ఎత్తు టవర్. నేల చదునుగా ఉంటే పది పన్నెండు కిలోమీటర్లు, మధ్యలో గుట్ట అడ్డమొస్తే అదీ లేదు.

ఇది ఇంజనీర్లు చూసుకోవాల్సిన సంగతిలా కనపడుతుంది. పోల్ పెట్టేవాడికి మాత్రం అసలు తేడా ఇక్కడే ఉంది. కడప స్టేషన్‌కు ఆదోని నుంచి ఎవరో ఫోన్ చేసి మాట్లాడితే వినేవాళ్ళకు ఆయన ఒక గొంతు, అంతే. పది కిలోమీటర్ల రేడియోలో "హలో" అనగానే టీ అంగట్లో చెప్పేస్తారు, ఇది ఫలానా వీధి ఆయన గొంతు కదా అని. పేరు చెప్పకపోయినా గొంతే ఆధార్ కార్డు. రేషన్ డీలరు మీదనో, నీళ్ళు వదిలే మనిషి మీదనో మాట్లాడింది ఎవరో ఊరంతా తెలిసిపోతే తర్వాత ఏం జరుగుతుందో మన సీమ వాళ్ళకు నేను విడమర్చి చెప్పాలా?

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. రాజ్యాంగం 19వ అధికరణలోని వాక్ స్వాతంత్ర్యానికి ఆ తీర్పు రేడియోనూ టీవీనీ ముడివేసింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలొచ్చింది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. అయినా కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చదవకూడదు, రాజకీయ చర్చలు పెట్టకూడదు. ఆకాశవాణి వార్తలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు వినిపించుకోవచ్చు. కాబట్టి "ఏ పార్టీ మేలు" అనే పోల్ మీది కాదు. నీళ్ళు, కరెంటు, బస్సు, ఆస్పత్రి వేళలు, బడి, సంత మీవి. వాటితోనే సంవత్సరమంతా నడుస్తుంది. ఇంకో మాట, ప్రసారం చేసిన ప్రతిదీ మూడు నెలలు దాచిపెట్టాలి. ఒక హార్డ్ డిస్క్ అదనంగా కొనుక్కోండి.

  

లైవ్ ఫోన్

అన్నిటికంటే సులువు ఇదే. ఒక ఫోను, మిక్సర్‌లోకి ఒక వైరు చాలు. వినేవాళ్ళకూ సరదాగా ఉంటుంది. "ఈసారి శనక్కాయ విత్తేదానికి పదును చాలిందా?" అని జూన్ చివర్లో అడిగి చూడండి, ఫోను పెట్టేస్తే మళ్ళీ మోగుతూనే ఉంటుంది. పొలం, పండగ, వంట, పాట ఇలాంటివాటికి లైవ్ లాగా పండేది ఇంకోటి లేదు.

లెక్కకు మాత్రం పనికిరాదు. లైను ఒక్కటే, దొరికినవాడిదే రాజ్యం. మాకు మొదటి మూడు కాల్స్ ఎప్పుడూ ఆ ముగ్గురివే, ముగ్గురూ మగవాళ్ళే, ముగ్గురికీ పొద్దుపోని పని. వాళ్ళను తప్పుపట్టడం లేదు. కార్యక్రమం నిలబడింది వాళ్ళ వల్లే. కానీ వాళ్ళ ముగ్గురి మాట ఊరి మాట కాదు కదా.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. ఒకసారి రేషన్ బియ్యం తూకం మీద లైవ్ పెట్టాం. ఒకాయన ఆవేశంలో డీలర్ పేరూ ఊరి పేరూ చెప్పేశాడు. మరుసటి రోజు పొద్దున్నే ఆయన తమ్ముడు స్టేషన్‌కు వచ్చి, "అన్నా, అది తుడిచేయండి" అన్నాడు. గాలిలోకి పోయిందాన్ని ఎట్ల తుడుస్తాం? ఆ రోజు నుంచి తగువు వచ్చే విషయం ఏదైనా లైవ్‌లో పెట్టడం మానేశాం. పెద్ద స్టేషన్లలో మాటను కొన్ని సెకన్లు ఆలస్యంగా వదిలే ఏర్పాటు ఉంటుంది. మీ దగ్గర అది లేకపోతే లైవ్‌ను శనక్కాయలకూ సంక్రాంతికీ ఉంచుకోండి.

మిస్డ్ కాల్

మనదేశంలో ఇది ఎవరో కనిపెట్టిన టెక్నాలజీ కాదు. బస్సు దిగినాక ఇంటికి ఒక రింగ్ ఇచ్చి కట్ చేసే అలవాటు అందరిదీ. 2011లో అన్నా హజారే ఉద్యమానికి మద్దతు చెప్పమని అడిగిందీ మిస్డ్ కాల్ రూపంలోనే. ఆఫ్రికాలో రైతు రేడియోలతో పనిచేసే ఫార్మ్ రేడియో ఇంటర్నేషనల్ అనే కెనడా సంస్థ కూడా ఇదే దారి పట్టింది. అవునుకు ఒక నంబరు, కాదుకు ఒక నంబరు ఇస్తారు. శ్రోత రింగ్ ఇచ్చి పెట్టేస్తాడు, పైసా ఖర్చు ఉండదు.

దీనిలో నాకు బాగా నచ్చేది, గొంతు బయటపడకపోవడం. చదువు రానివాళ్ళకూ వస్తుంది, కీప్యాడ్ ఫోనుకూ వస్తుంది. కోడలు వంటింట్లో నుంచే కొట్టేయొచ్చు.

పెట్టడం ఎలాగంటే రెండు దారులు. మొదటిది, కంపెనీల నుంచి వర్చువల్ నంబర్లు, అంటే చేతిలో ఫోను లేకుండా కంప్యూటర్‌లోనే నడిచే నంబర్లు, అద్దెకు తీసుకోవడం. ఒకేసారి పదిమంది కొట్టినా అన్నీ నమోదవుతాయి, కాల్ దానంతట అదే కట్ అవుతుంది. రెండోది మేం మొదట చేసింది, పాత కీప్యాడ్ ఫోన్లు రెండు తెచ్చి సైలెంట్‌లో పెట్టడం. చవక గానీ రెండు గోతులున్నాయి. ఒకరు రింగ్ ఇస్తుండగా ఇంకొకరు కొడితే "బిజీ" అని పోతుంది, ఆ ఓటు లెక్కకు రాదు. రెండోది, ఆ ఫోన్లలో కాల్ లిస్టు కొన్ని పదుల దగ్గరే ఆగి పాతవాటిని చెరిపేస్తూ పోతుంది. మేం అది గమనించేసరికి రెండు వారాల పోల్స్ సగం గాలికి పోయాయి. కనీసం స్మార్ట్‌ఫోన్ పెట్టి, రోజూ రాత్రి లిస్టును కాగితం మీదకు ఎక్కించండి.

ఇక అందరూ "ఉచితం, ఉచితం" అంటారు గానీ అది పూర్తి నిజం కాదు. 2018 చివరి నుంచి ఫోన్ కంపెనీలు కనీస రీచార్జ్ పద్ధతి తెచ్చాయి. గడువు అయిపోయిన సిమ్ నుంచి అవుట్‌గోయింగ్ పోదు. అంటే మిస్డ్ కాల్ కూడా పోదు. కూలి డబ్బులు వచ్చాక రీచార్జ్ చేయించుకునే ఇంట్లో నెలాఖరున ఫోను వినడానికే పనికొస్తుంది. మీ పోల్ నెల చివరి వారంలో పెడితే ఎవరు తప్పిపోతారో ఆలోచించుకోండి.

ఒక్క మనిషికి ఒక్క ఓటు అనుకోవడమూ కుదరదు. మనదేశంలో ఒకరి పేరు మీద తొమ్మిది సిమ్‌ల దాకా ఉండొచ్చు. ఒక ఊరి కుర్రాళ్ళు తమ ఊరికి బస్సు రావాలన్న పోల్‌లో సాయంత్రమంతా అదే పని మీద కూర్చున్నారు, అది వాళ్ళే మాకు గొప్పగా చెప్పారు. అటువైపు చూస్తే, నలుగురున్న ఇంట్లో ఒకటే ఫోను, అది మొగుడి జేబులో. ఒకే నంబరు నుంచి వచ్చినవి ఒకటిగా లెక్కేస్తే మోసం తగ్గుతుంది, దాంతోపాటే అత్తా కోడళ్ళ మాటా తగ్గుతుంది. మేం ఒకే నంబరును ఒకటిగానే లెక్కేస్తాం, ఆ సంగతి రేడియోలో చెప్పేస్తాం.

ఇంకో చిన్న సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మిస్డ్ కాల్ ఇచ్చినాక ఆ నంబరు ఫోనులో ఉండిపోతుంది. "కాదు" నంబరు ఏదో ఊరంతా రేడియోలో విన్నదే. ఫోను చూసే హక్కు తనదే అనుకునే మనిషి ఇంట్లో ఉంటే ఆ ఒక్క రింగే సాక్ష్యం. అందుకని తాగుడు, ఇంట్లో కొట్టడం, బాల్యవివాహం లాంటి విషయాలకు మిస్డ్ కాల్ వద్దు. ఎంత సురక్షితంగా కనపడినా వద్దు.

ఎస్సెమ్మెస్

ఉగాండాలో ట్రాక్ ఎఫ్ఎం అనేవాళ్ళు ఎస్సెమ్మెస్ పోల్స్‌ను రేడియోతో కలిపి బాగా నడిపారు. ప్రశ్న అడుగుతారు, జవాబులు వస్తుండగానే లెక్క తెర మీద కనిపిస్తుంది, దాన్ని చూస్తూ యాంకర్ అధికారిని అడుగుతాడు. ఆ పద్ధతి మనకు నేరుగా అతకదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఆగింది, ఆడవాళ్ళలో సగం దగ్గర. తెలుగులో కొడితే ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషులో అయితే 160. మీరు తిరిగి గుంపుగా మెసేజ్ పంపాలంటే టెలికాం కంపెనీలను అదుపు చేసే ట్రాయ్ పెట్టిన డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (గుంపు మెసేజ్‌లు పంపేవాళ్ళ నమోదు), పంపే మాటకు ముందే ఆమోదం, ఇలా ఒక చిన్న ఆఫీసు పని. కాలేజీ పిల్లల కోసం కాలేజీ రేడియో అయితే సరే. ఊళ్ళకైతే నేను చెప్పను.

ఐవీఆర్, అంటే "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి"

మిస్డ్ కాల్ ఇస్తే యంత్రం తిరిగి ఫోన్ చేసి ప్రశ్న వినిపిస్తుంది, అంకె నొక్కి జవాబు చెప్పొచ్చు, బీప్ తర్వాత మాట రికార్డు చేయొచ్చు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర ఆదివాసీల ఫిర్యాదులను ఇలా ఫోన్లోనే రికార్డు చేయించింది. జార్ఖండ్, బీహార్ పక్క మొబైల్ వాణి కూడా మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ చేసే పద్ధతే. జవాబుతో పాటు కారణం కూడా దొరికేది దీనిలోనే. "బిందె నిండేలోపల" అన్న మాట మాకు మిస్డ్ కాల్‌లో ఎప్పటికీ వచ్చేది కాదు.

ఖర్చు మీ మీద పడుతుంది. యంత్రం చేసే ప్రతి కాల్‌కూ నిమిషాల లెక్కన కట్టాలి. ఏదైనా సంస్థ సాయం ఉంటే తప్ప చిన్న స్టేషన్ ఏడాది పొడుగునా మోయలేదు. వాడే తీరులో ఒక తమాషా కూడా ఉంది. పెద్దవాళ్ళు ఫోను చెవికి ఆనించి వింటారు. "ఒకటి నొక్కండి" అనగానే చెవి నుంచి తీసి కళ్ళ ముందుకు తెచ్చుకుంటారు. స్మార్ట్‌ఫోన్ అయితే తెర నల్లగా ఉంటుంది, వెలిగేసరికి అంకెలు కనపడవు, ఆ మీట ఎక్కడుందో మనవణ్ణి పిలిచేసరికి "మీ సమయం ముగిసింది" అంటుంది. మా స్నేహితుడి తల్లి దీంతో విసిగి, యంత్రంలోని ఆడగొంతును "ఆ పాపకు పొయ్యి మీద ఏమన్నా మాడుతాందేమో, అంత తొందర!" అంది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంత టైమ్ పెట్టాలో ఆమెను చూసి నేర్చుకున్నాం, పది సెకన్లు చాలవు.

కర్నూలు, కడప పట్నాల్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు చాలామంది. ఆదోని, మడకశిర వైపు కన్నడం. ఐవీఆర్‌లో భాష ఎంచుకునే వీలు పెట్టొచ్చు. దీనికి ఈ ఒక్క కారణంతో మార్కులు వేస్తాను.

వాట్సాప్

యువకులు మొదట అడిగేది ఇదే. గ్రూపు పెట్టి పోల్ వదిలితే సరిపోదా అని. సరిపోదు. 2022 చివర్లో వాట్సాప్‌కు పోల్ సౌకర్యం వచ్చింది. గ్రూపులో ఆ పోల్ మీద నొక్కి చూస్తే ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా అందరికీ కనపడుతుంది. సర్పంచ్ బావమరిది ఉన్న గ్రూపులో "వీధిలైట్లు వెలుగుతున్నాయా?" అని అడిగితే ఎంతమంది "లేదు" అని నొక్కుతారు? మేం ఒకసారి పెట్టి గంటలో తీసేశాం. ముగ్గురు ఓటేశారు, ఒకరు ఓటు వెనక్కి తీసుకున్నారు.

వాట్సాప్‌ను పారేయమని కాదు. గ్రూపు వద్దు, స్టేషన్‌కు ఒక నంబరు పెట్టి నేరుగా వాయిస్ మెసేజ్‌లు తెప్పించుకోండి. రేడియోకు కావాల్సింది శబ్దమే కదా, అది సిద్ధంగా వస్తుంది. ధర్మవరం మగ్గాల ఇళ్ళలో నుంచి వచ్చిన ఒక మెసేజ్‌లో మాట కంటే మగ్గం చప్పుడే ఎక్కువ. నూలు ధర మీద ఆయన చెప్పింది ఆ చప్పుడుతోనే వేశాం, శుభ్రం చేయలేదు. గొంతు గుర్తుపట్టే భయం ఉన్నచోట మెసేజ్‌ను మన యాంకర్ తన గొంతుతో చదివితే చాలు. ఎంత సాఫ్ట్‌వేర్‌తో గొంతు మార్చినా మాట యాస పట్టిస్తుంది.

అందనివాళ్ళు ఎవరంటే, డేటా లేనివాళ్ళు. మాటకూ మెసేజ్‌కూ మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలకు చెప్పింది. అలాంటి ప్యాక్‌లు తీసుకునేవాళ్ళు ఉన్నారంటేనే వాట్సాప్ అందరి చేతిలో లేదని అర్థం.

అరుగు మీద చింతగింజలు

రేడియో పోల్‌కు ఫోను లేకుండా పుట్టిన పూర్వరూపం ఒకటుంది. కెనడాలో 1941 నుంచి 1965 దాకా ఫార్మ్ ఫోరమ్ అని నడిచింది. సోమవారం రాత్రి రైతులు ఒక ఇంట్లో చేరి రేడియో వినేవాళ్ళు, ప్రశ్నల మీద మాట్లాడుకుని తమ అభిప్రాయం రాసి పంపేవాళ్ళు, ఆ సారాంశం తర్వాత రేడియోలోనే చెప్పేవాళ్ళు. దాన్ని చూసి 1956లో ఆకాశవాణి, యునెస్కో కలిసి పుణె చుట్టుపక్కల 150 ఊళ్ళలో గ్రామీణ రేడియో గోష్ఠులు పెట్టాయి. విని, చర్చించి, పని చేయండి అన్నది పద్ధతి. తర్వాత దేశమంతా విస్తరించారు. నా దృష్టిలో ఇప్పటికీ దీన్ని మించింది లేదు, కష్టం కూడా దీన్ని మించింది లేదు.

మేం చేసేది ఇలా. నెలకు ఒక ఊరు. ముందే రేడియోలో చెబుతాం. సాయంత్రం ఆడవాళ్ళకు ఒక చోట, మగవాళ్ళకు ఒక చోట. కార్యక్రమం వింటారు, పావుగంట మాట్లాడుకుంటారు. తర్వాత చేతులెత్తమని మాత్రం అడగం. చేతులెత్తితే ముందు పెద్దింటావిడ ముఖం చూసి మిగతా చేతులు లేస్తాయి, ఇది మీరూ చూసే ఉంటారు. గది మూలలో మూడు చెంబులు పెట్టి మీద గుడ్డ కప్పుతాం. ఒక్కొక్క చెంబుకు ఒక బొమ్మ అంటిస్తాం, నిండిన బిందె, సగం బిందె, ఖాళీ బిందె. మనిషికి ఒక చింతగింజ. ఒక్కొక్కరే పోయి గుడ్డ కింద చెయ్యి పెట్టి వేసి వస్తారు. గింజ రాగిచెంబులో పడితే చప్పుడవుతుందని, ఏ చెంబో తెలిసిపోతుందని మా దగ్గర ఒకామె చెప్పింది. అప్పటి నుంచి అడుగున పాత గుడ్డముక్క వేస్తున్నాం. గింజలు అందరి ముందే బోర్లించి లెక్కపెడతాం, ఆ లెక్కపెట్టే చప్పుడు రికార్డు చేస్తాం. రేడియోలో అది వినడానికి చాలా బాగుంటుంది.

ఫోను లేని అవ్వ, రీచార్జ్ లేని కూలీ, మొగుడి ఫోను వాడే కోడలు ముగ్గురూ ఇక్కడ ఓటేస్తారు. కానీ ఒక్క ఊరి మాటే వస్తుంది, వెళ్ళిరావడానికి పెట్రోలు, మనుషులు కావాలి, మైకు పట్టుకునే అమ్మాయిలు చీకటి పడేలోపల ఇల్లు చేరాలి.

మీకు ఏది?

కడప అక్కలు అడిగింది, సంఘం అప్పుల మీద బ్యాంకు ఎలా చూసుకుంటోందన్న పోల్. నేను చెప్పింది చింతగింజలు. డబ్బు విషయం, మర్యాద విషయం, ఇంట్లోవాళ్ళు వినకూడని విషయం ఉంటే ఫోను పక్కన పెట్టండి.

కర్నూలు కాలేజీ వాళ్ళు అడిగింది సిటీ బస్సుల వేళల మీద. దానికి మిస్డ్ కాల్, దాని పక్కనే వాట్సాప్ వాయిస్ నంబరు. ఎవరికీ భయం లేదు, అందరి చేతిలో ఫోనుంది, సంఖ్య ఎక్కువ వస్తే ఆర్టీసీ వాళ్ళకు చూపించుకోవచ్చు.

పంట, సంత ధర, ఆదోని పత్తి, పత్తికొండ టమోటా లాంటివి అయితే లైవ్ ఫోన్ పెట్టి ఊరుకోండి. అక్కడ లెక్క ఎవరికీ అక్కర్లేదు, ఎవరు ఎంతకు అమ్మారో వినడం కావాలి. ఐవీఆర్ మాత్రం డబ్బు ఉన్నప్పుడు, అదీ రెండు మూడు భాషల చోట.

మీ దగ్గర ఒక్క పద్ధతికే ఓపిక ఉందంటే, మామూలు పౌర సౌకర్యాల ప్రశ్నలకు మూడు మిస్డ్ కాల్ నంబర్లు పెట్టుకోండి. రెండు కాదు, మూడు. మూడోది "అదీ ఇదీ కాదు, నేను చెప్పేది వేరే" అన్న నంబరు. దానికి ఎవరెవరు రింగ్ ఇచ్చారో వాళ్ళలో కొందరికి స్టేషన్ నుంచే ఫోన్ చేసి, రికార్డు చేయొచ్చా అని అడిగి, మాట్లాడండి. మా కార్యక్రమాల్లో బాగున్నవన్నీ ఆ మూడో నంబరు నుంచి పుట్టినవే.

లెక్క చెప్పేటప్పుడు

1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. ఆయన భారీగా గెలిచాడు. పత్రిక పేర్లు ఏరింది ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ళ జాబితాల నుంచి, పైగా జవాబు రాసి పంపింది పట్టింపు ఉన్నవాళ్ళు మాత్రమే. అంత పెద్ద సంఖ్యే అలా తప్పింది. మన రెండు వందల మిస్డ్ కాల్స్ ఎంత?

అందుకని "ప్రజల్లో 70 శాతం" అన్న మాట మా స్టేషన్‌లో నిషేధం. "ఈ వారం ఇన్ని నంబర్ల నుంచి రింగ్ వచ్చింది, అందులో ఇన్ని ఇలా, ఇన్ని అలా" అని చెబుతాం. శాతం వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ పేపరు వాళ్ళు దాన్ని ఎత్తుకుని జిల్లా మాటగా రాసేస్తారు. ఎన్నికల వేళ ఇంకా జాగ్రత్త. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటల్లో ఎన్నికల మీద ఒపీనియన్ పోల్ ప్రసారం చేయకూడదు, ఎగ్జిట్ పోల్స్‌కు ఇంకో నిషేధం ఉంది. కమ్యూనిటీ రేడియో అసలు ఆ జోలికే పోకూడదు. నీళ్ళ పోల్ కూడా ఆ రోజుల్లో రాజకీయంగానే వినపడుతుంది, రెండు వారాలు ఆపేస్తే నష్టమేం లేదు.

వచ్చిన నంబర్ల జాబితా జాగ్రత్త. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం ఫోన్ నంబరు కూడా వ్యక్తిగత సమాచారమే. చట్టం సంగతి అటుంచి, "ఎవరెవరు కాదన్నారో ఒకసారి చూపిస్తావా?" అని అడగడానికి స్టేషన్‌కు మనిషి వస్తాడు. మా దగ్గరకు వచ్చాడు, టీ కూడా తాగాడు. లెక్క అయిపోగానే చివరి అంకెలు కొట్టేసి దాచే అలవాటు ఉంటే, చూపించడానికి నీ దగ్గర ఏమీ ఉండదు. గొడవ కూడా ఉండదు.

ఫలితం చెప్పాక ఎదుటివాళ్ళకు మైకు ఇవ్వండి. మా నీళ్ళ పోల్‌ను మూడు నంబర్లతో మళ్ళీ అడిగినప్పుడు మూడో నంబరే గెలిచింది. దాన్ని చదివిన మరుసటి రోజు, నీళ్ళు వదిలే మనిషి ఒకాయన కోపంగా వచ్చాడు. "నేనేం తాళం వేసుకుని పడుకుంటానా? మోటారుకు కరెంటు ముక్కలు ముక్కలుగా వస్తాది, ట్యాంకు సగమన్నా ఎక్కదు. ఉన్న నీళ్ళే అన్ని వీధులకూ తిప్పల్ల గదా!" అన్నాడు. పేరూ ఊరూ చెప్పకుండా ఆ మాటే రికార్డు చేస్తానంటే ముందు వద్దన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు, యాంకర్ గొంతుతో చదవాలన్న షరతు మీద. తర్వాతి వారం ప్రశ్న ఆయనిచ్చిందే: "ఏ వేళకు మోటారు ఆడితే మీ బిందె నిండుతుంది? తెల్లవారుజాము అయితే ఒకటో నంబరు, మధ్యాహ్నం అయితే రెండు, వేరే ఏదైనా అయితే మూడు."